పేజీ నంబరు లేని మాట

"పేజీ నంబరు చెప్పండి ముందు!"

పళ్ళ డాక్టరు బల్ల గుద్దాడు.

లెక్కల టీచరు తగ్గలేదు. "మూడో భాగం, రెండువందల పన్నెండు. మంత్రగత్తెను ఊళ్ళోంచి గెంటేసింది అక్కడే. ఏడో కోట తలుపు తీసేది ఆవిడే!"

"గాడిదగుడ్డు! నాలుగో భాగం, అరవై ఏడు. రాజకుమారుణ్ణి దేశంలోంచి గెంటేశారు. తీసేది వాడు!"

గ్రంథాలయం మేడమీది గదిలో ప్రతి ఆదివారం ఉదయం ఇదే రగడ.

'ఏడు కోటలు' నవల ఆరు భాగాలే వచ్చాయి. ఏడోది బయటికి రాకముందే రచయిత కన్నుమూశాడు. ఆరో భాగం చివర కోట కాపలాదారు ప్రాణం వదులుతూ ఒక్క మాట అంటాడు: "గెంటేసిన చేతికే గడియ తెలుసు."

ఎవరి చెయ్యి?

ఆ ఒక్క ముక్క కోసం పదకొండేళ్ళుగా ఈ పాఠకుల సంఘం రెండుగా చీలి, బల్లకు చెరోవైపు కూర్చుని కొట్టుకు చస్తోంది. ఎవరికి వారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

సంఘానికి అధ్యక్షుడు పళ్ళ డాక్టరే. వారమంతా జనం నోళ్ళు తెరిపిస్తాడు, ఆదివారం మూయిస్తాడు. రచయితకు నూట పాతిక ఉత్తరాలు రాశాడు. టైపు చేసి వచ్చిన జవాబులను బీరువాలో దాచుకున్నాడు. "చచ్చేలోపు ఆ ముగింపు తెలిస్తే చాలు" అంటూంటాడు. మిగతా వాదనల సంగతేమో గానీ ఆ మాట మాత్రం నిజం.

ఆ రోజు వెనక కుర్చీలో ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఒళ్ళో గుడ్డసంచి. వీళ్ళు అరుస్తున్నంతసేపూ ఆమె కుడిచేతి వేలు ఆ సంచిమీద ఏదో రాస్తున్నట్టు అదేపనిగా కదులుతూ ఉంది.

"ఇద్దరూ కాదు" అంది మెల్లగా.

పదకొండేళ్ళలో మొదటిసారి రెండు వర్గాలూ ఒకే వైపు తిరిగాయి.

"ఏ పేజీ?" అన్నాడు డాక్టరు.

"దానికింకా పేజీ నంబరు లేదు నాయనా."

గదంతా గొల్లున నవ్వింది.

"చూడమ్మా" డాక్టరు నవ్వలేదు. "పోయినేడు ఒకడు రచయిత మేనల్లుణ్ణని వచ్చాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు నమ్మేశాం. మూడు వారాలు మా ఇళ్ళల్లో మేసి, నోటికొచ్చిన ముగింపులు చెప్పి పోయాడు. అప్పట్నుంచీ ఇక్కడ ఒకటే నియమం. పేజీ లేకపోతే నోరు లేదు."

"మంచి నియమమే. నేనొచ్చింది వేరే పనిమీద. రోజూ ఓ గంట నా పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి కావాలి. నేను చెబుతాను, రాస్తే చాలు. నా చెయ్యి చూడండి."

చాపింది. వణుకుతోంది.

"అర్జీలు రాసిపెట్టే చోటు కాదమ్మా ఇది" అంది టీచరు.

"అర్జీ కాదమ్మా. మీకు ఇష్టమైనదే." పెద్దావిడ డాక్టరు వైపు తిరిగింది. "మీరైతే బాగుంటుంది నాయనా. మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది."

డాక్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓహో! నా గురించి ఆరాలు తీసే వచ్చారన్నమాట! వాడూ ఇలాగే పొగడ్తలతో మొదలెట్టాడు. లేవండి!"

"ఒక్క మాట వినండి..."

"విన్నది చాలు. వయసుకైనా సిగ్గుండాలి!"

ఆమె సంచి ఆమె చేతిలో పెట్టి, ఆ వణికే చెయ్యే పట్టుకుని గుమ్మందాకా లాక్కెళ్ళాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. టీచరైతే కుర్చీ పక్కకు జరిపి దారి కూడా ఇచ్చింది.

"వచ్చే ఆదివారం వస్తాలెండి. అప్పటికి కోపం తగ్గుతుంది" అంది ఆమె.

డాక్టరు ఆమెను గడప దాటించి, గడియ పెట్టాడు.

ఆ రోజు రెండు వర్గాలూ కలిసి టీ తాగాయి.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఏమైందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఐదో ఆదివారం ప్రచురణ సంస్థ మేనేజరు ఓ అట్టపెట్టె మోసుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఏడో భాగం" అన్నాడు ఆయాసపడుతూ.

డాక్టరు ఒక్క గెంతులో వెళ్ళి పెట్టె విప్పాడు. లోపల పదకొండు నోటుబుక్కులు. ఒకటి తెరిచాడు. కొక్కేలు, చుక్కలు, వంకర గీతలు.

"ఇదేం రాతండీ?"

"షార్ట్‌హ్యాండ్. రచయితగారు కలం పట్టి రాసేవారు కాదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవారు. ఇరవై ఏళ్ళు ఒక్క స్టెనోయే రాసుకున్నారు. పోను పోను సొంత గుర్తులు పెట్టేసుకున్నారట. నలుగురికి చూపించాం, ఒక్క వాక్యం అర్థమైతే ఒట్టు."

"గడియ తీసే చెయ్యి ఎవరిదో ఏ పేజీలో ఉంది?" డాక్టరు అలవాటుగా అడిగేశాడు.

"వీటికింకా పేజీ నంబర్లు లేవండి."

డాక్టరు చేతిలో నోటుబుక్కు అలాగే ఉండిపోయింది. చూపు వెనక కుర్చీమీదికి పోయింది.

"ఆ స్టెనోనే అడగొచ్చుగా?" అంది టీచరు.

"జబ్బుచేసి మొన్న మంగళవారం పోయారండి. టైపిస్టును పంపుతామంటే వద్దన్నారు. డాక్టరుగారి ఉత్తరాలన్నీ రచయితగారికి చదివి వినిపించింది, జవాబులు టైపు చేసింది ఆవిడే. చదివి చెప్పేది తనైతే, రాసే చెయ్యి మాత్రం డాక్టరుగారిదే కావాలని పట్టుబట్టి..."

మేనేజరు ఆశగా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఈ గీతలు చదవగల ఒకే ఒక్క మనిషి మిమ్మల్ని వెతుక్కుంటూ పోయిన నెల ఇక్కడికే వచ్చారటగా, ఎంతవరకు రాశారు డాక్టరుగారూ?"