అడుగు గుంత

పొద్దుటి నుంచి అత్తగారికి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి నారింజ తోటలోకి. పొయ్యిమీద పాలు పొంగిపోయినా చూడలేదు. మట్టి పరీక్ష చేసే ఆఫీసరు ఇంకా రాలేదు.

మూడేళ్లుగా ఆ ఇంట్లో ఒకటే గొడవ. బస్తాల ఎరువు మానేసి, పేడా ఆకులూ కుళ్లబెట్టి చెట్లకు వేద్దామంది కోడలు. తోట మామగారిది. "మూడేళ్లు చూస్తా. అడుగు గుంతలో ఇరవై వానపాములు కనిపించకపోతే మళ్లీ బస్తాలే!" అని తేల్చేశాడు. పెరట్లో ఎరువు తొట్టెలు వెలిశాయి. ఆ కంపుకి ముక్కు మూసుకుని, కోడల్ని రోజూ సాధించింది మాత్రం అత్తగారే.

గడువు ఇవాళ్టితో సరి.

ఆఫీసరు పార పట్టుకుని రానే వచ్చాడు. ఎక్కడ తవ్వమంటారని అడిగాడో లేదో, అత్తగారు ముందుకొచ్చింది.

"మూడో వరసలో చివరి చెట్టు కింద తవ్వండి."

కోడలి మొహం పాలిపోయింది. "అక్కడ నేల గట్టిది కదా అత్తయ్యా!"

"నువ్వూరుకో."

ఆఫీసరు అడుగు లోతు తవ్వాడు. తెల్లగుడ్డ మీద మట్టి పోసి లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి! కోడలు నోరు తెరిచింది. అత్తగారు మెటికలు విరుచుకుంది.

ఆఫీసరు ఒకదాన్ని వేలిమీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇవి తోట నేలలో ఉండేవి కావండీ. ఎరువు తొట్టెల్లో పెంచే ఎర్ర రకం. ఎవరో తెచ్చి పోశారు."

మామగారు కోడలి మీద ఇంతెత్తున లేచాడు. "ఇంతకు తెగించావా? రేపే బస్తాలు దింపిస్తా!"

"ఒట్టు మామయ్యా, నాకేం తెలీదు."

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో అత్తగారి వైపు చూసింది. నన్ను దొంగని చేయడానికా అన్నట్టుంది ఆ చూపు. అత్తగారు తల తిప్పుకుంది.

"అదంతా తర్వాత," అని మొగుణ్ణి కసిరింది. "ఆఫీసరుగారూ, మీకు నచ్చినచోట ఇంకోటి తవ్వండి."

ఆయన తోట మధ్యలో, ఆకులు కప్పిన చోట తవ్వాడు. రెండే కనిపించాయి. మామగారు మీసం దువ్వాడు. ఆఫీసరు తొందరపడకుండా ఆవపిండి కలిపిన నీళ్లు గుంతలో పోశాడు.

"ఎండకి లోపలికి దిగిపోతాయి. ఈ ఘాటుకి పైకి రావలసిందే."

ఒకటి బయటికొచ్చింది. తర్వాత నాలుగు. పావుగంటలో ఇరవై ఆరు. బూడిదరంగువి, బాగా బలిసినవి.

"నేలకి ప్రాణం తిరిగొచ్చింది. ఇంకా బస్తాలు దేనికండీ?" అన్నాడాయన.

మామగారు మాట తప్పే మనిషి కాదు. గొణుక్కుంటూ ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆఫీసరు కూడా వెళ్లాక కోడలు ఆగలేకపోయింది.

"ఆ ఎర్రవి పోసింది మీరే కదూ? మీకు నేనేం అన్యాయం చేశానత్తయ్యా?"

అత్తగారు వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నిన్న నువ్వు గుంత తవ్వుకుని, రెండే ఉన్నాయని చెట్టు చాటున ఏడుస్తుంటే చూడలేక, తొట్టెలోంచి బకెట్టెడు తోడి పోశానే తల్లీ!"