నాలుగో స్క్రూ

అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు తాను డిజైన్ చేసిన ట్యాబ్లెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక మూల అద్దం లేచిపోయి ఉంది.

"మీ ఫ్యాక్టరీలో, మీ లైన్‌లో బిగించిందే. అవి చేతులా, చేటలా? తప్పు బిగింపుదేనని రిపోర్టు రాశాను."

"అది పంపితే మా ఇరవైమందికీ పని పోతుందిరా."

"నాలుగో స్క్రూ వేయకపోతే ఊరుకుంటారా?"

ఆమె గోటితోనే వెనక మూత ఊడదీసింది. "వేస్తే మొన వెళ్లి అద్దాన్ని పగలగొడుతోంది. ఆకంత పలచగా ఉండాలని పట్టుబట్టింది నువ్వేగా?"

"ముందే చెప్పొచ్చుగా!"

"మూడుసార్లు రాసిచ్చాం. పైవాళ్లు చదువుతారనుకున్నాం."

అతను స్కేలు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. స్క్రూకి చోటే లేదు.

జేబులోంచి రిపోర్టు తీసి, తప్పు బిగింపుదన్న చోట 'బిగింపు' అన్న మాట కొట్టేసి, ఆ పక్కనే తన పేరు రాశాడు. కాగితం పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.