ఊదారంగు శాలువా వెనక

జేబుదొంగ ఏ చర్చిలో చెయ్యి పెడుతుందో ఒక్కటే చీటీలో లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

“పవిత్ర గురువారం సాయంత్రం. ఊదారంగు శాలువా, తెల్లజడ, కొంచెం కుంటి నడక. ముసలిది. ఏడు చర్చిలూ తిరుగుతుంది, ఏదో ఒకదానిలో పని కానిస్తుంది. నజరేనాస్ చర్చితో మొదలు.” అచ్చు అక్షరాలు. సంతకం లేదు.

స్టేషన్లో తన బల్ల మీద ఆ చీటీ చూడగానే లీమా పోలీసు సబీనోకి ప్రాణం లేచొచ్చింది. పోయిన నెల అతను కాపలా కాస్తున్న కూడలిలోనే, అతనికి పదడుగుల దూరంలో, ఎవడో కెప్టెన్‌గారి పర్సే కొట్టేశాడు. “సోమవారం లోపల ఒక్క జేబుదొంగనన్నా పట్టుకురా. లేదా, సెర్రో దె పాస్కోకి నీ బదిలీ కాగితం సిద్ధంగా ఉంది,” అన్నాడు కెప్టెన్. అది కొండ కొమ్మున ఉన్న ఊరు. అక్కడ చలి ఉచితం, ఊపిరి మాత్రం రేషను. ఆ కబురు విన్నప్పటి నుంచి సబీనో భార్య ఒతీలియా సర్దిన సామానే మళ్ళీ సర్దుతూ ముక్కు చీదుతోంది.

గుడ్ ఫ్రైడే ముందురోజు, పవిత్ర గురువారం, లీమా అంతా వీధుల్లోనే ఉంటుంది. చంటిపిల్లల్ని భుజానేసుకుని, చెప్పులు కరుస్తున్నా సరే, ఆనవాయితీగా ఏడు చర్చిలూ చూసి గానీ ఇంటికి పోరు. సబీనో ఏటా డ్యూటీ వంక చెప్పి గుమ్మం బయటే నిలబడేవాడు. లోపల అడుగుపెట్టింది ఆఖరుసారి తన పెళ్ళికే.

ఈసారి మామూలు బట్టల్లో లోపలికే నడిచాడు. నజరేనాస్‌లో శాలువా కనబడింది. జడ కనబడింది. కుంటి నడకా సరిపోయింది. సబీనో వెళ్ళి సరిగ్గా ఆవిడ వెనక నిలబడ్డాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. “ఏం నాయనా, మోకాళ్ళు తాకట్టు పెట్టావా? అందరూ వంగితే నువ్వొక్కడివీ దీపస్తంభంలా నిలబడ్డావు! వెనకవాళ్ళకి బలిపీఠం కనబడొద్దూ?”

చుట్టుపక్కల కిసుక్కుమన్నారు. సబీనో గబుక్కున మోకరిల్లాడు. నిఘాలో మొదటి పాఠం, జనంలో జనంలా ఉండటం.

సాన్ అగుస్తీన్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించాల్సి వచ్చింది. మెర్సెద్‌లో ప్రార్థన మరిచిపోయి పెదాలు ఆడిస్తుంటే, “శబ్దం కూడా కలుపు నాయనా, పైనున్నాయనకి పెద్దవయసు,” అంది ముసలావిడ. సాంతో దొమింగో చేరేసరికి చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన తప్పుల్లేకుండా దానంతటదే నోట్లోకి వచ్చింది. సబీనోకే ఆశ్చర్యం వేసింది.

తరవాత ఊళ్ళోకెల్లా పెద్దచర్చి, కతెద్రల్. ముందు వరసలో ఓ ఇల్లాలి సంచీ నోరు తెరుచుకుని ఉంది. ముసలావిడ చెయ్యి మెల్లగా అటు సాగింది. సాగి, వెనక్కి వచ్చి, చెవి గోక్కుంది.

సాన్ పెద్రోలోనూ మోకరిల్లి బయటికొచ్చి, మెట్ల మీద సబీనో చతికిలబడ్డాడు. బూట్లలో రెండు పాదాలూ కుంపట్లై ఉన్నాయి. ఇది దొంగ కాదు, చీటీ రాసినవాడెవడో దొంగ అనిపించింది. ముసలావిడ పక్కనే కూర్చుని, బండివాడి దగ్గర కొన్న పికరోనెస్ గారెల మీంచి బెల్లప్పాకం కారుతుంటే తీరిగ్గా తింటోంది.

“ఇంకా ఎన్ని అవ్వా?” అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

“ఇది ఆరోది. ఆరుతో ఆగిపోయేవాళ్ళని చూస్తే నాకు జాలి. అసలు పనంతా ఏడోదాంట్లోనే ఉంటుంది.” ఆవిడ వేళ్ళు నాకింది. “వేళ్ళు కూడా మంచి ఊపులో ఉన్నాయివాళ.”

సబీనో కాళ్ళ నొప్పి ఎటుపోయిందో తెలియదు.

సాన్ ఫ్రాన్సిస్కోలో ఇసకేస్తే రాలనంత జనం. అందరూ మోకరిల్లి తలలు వంచారు, సబీనో కూడా. ముసలావిడ కుడిచెయ్యి శాలువాలోంచి పాములా బయటికొచ్చి, ముందున్నావిడ సంచీలోకి మణికట్టు దాకా దిగింది.

“దొరికావు!” సబీనో ఆ చేతిని ఒడిసిపట్టాడు.

చర్చి చర్చంతా వెనక్కి తిరిగింది. సంచీ ఆవిడ కంగారుగా లోపల వెతుక్కుంది. పర్సు ఉంది. డబ్బుంది. తాళాలున్నాయి.

“పర్సు జారి పడిపోతోంటే లోపలికి తోశానమ్మా,” అంది ముసలావిడ శాంతంగా. “దేవుడి దగ్గర ఈ అరుపులేమిటి నాయనా?”

“పాపం, పెద్దావిడని పట్టుకుని! ముందు ఈయన జేబులు వెతకండి,” అంది సంచీ ఆవిడ. నలుగురు వెతికారు కూడా.

సబీనో క్షమాపణ చెప్పుకుని, ఏడో చర్చి బయట పావురాల మధ్య గోడకి చేరగిలబడ్డాడు. చేతికి దొంగ చిక్కలేదు. సోమవారం కాగితం, ఆ పైన కొండ. ఇప్పటి నుంచే ఊపిరి ఆడనట్టుగా ఉంది.

అప్పుడు ముసలావిడ బయటికొచ్చింది. మెట్లు చకచకా దిగింది. కుంటడం లేదు, గింటడం లేదు.

సబీనో చెయ్యి బేడీల మీదికి పోయింది. అడుగులో అడుగేసుకుంటూ ఆవిడ వెనక్కి చేరాడు. ఆవిడ శాలువాలోంచి ఫోను తీసి, చెవికి ఆనించి, గట్టిగా నవ్వింది.

“ఒతీలియా, నీ మొక్కు తీరిందే తల్లీ! నువ్వు రాసిన చీటీ పట్టుకుని మీ ఆయన నా వెనక ఏడు చర్చిలూ తిరిగాడు, ఏడింట్లోనూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బదిలీ ఆపడం ఇక ఆ పైవాడి వంతు.”