గంతలు

పోలీసులు దర్జీకి అన్యాయం చేశారు. అందులో రెండో మాట లేదు. పట్టపగలు వీధి మలుపులో ఎవరో మనిషిని వ్యానులోకి లాగి, కళ్ళకు గంతలు కట్టి, రోజంతా గదిలో పెట్టి తాళం వేస్తే, ఆ మనిషి ఫిర్యాదు విని నవ్విన వాళ్ళని ఇంకేమనాలి?

ఇవాళ కూడా స్టేషన్‌లో అదే నవ్వు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ కుర్చీ చూపించింది గానీ, పాత కానిస్టేబుల్ గోడకి ఆనుకుని పళ్ళికిలిస్తూనే ఉన్నాడు. దర్జీ కూర్చున్నాడు. అతని భార్య చేతిసంచి పొట్టకి అదుముకుని వెనక నిలబడింది.

"ఈయన్ని నమ్మకండి మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. "నా ప్యాంటు రేపిస్తా, ఎల్లుండిస్తా అని నెలల తరబడి తిప్పాడు. బట్టలివ్వలేక ఎక్కడో నక్కి, తీరా వచ్చి కిడ్నాపంటాడు!"

"నీ ప్యాంటుకి భయపడి నేను దాక్కోవాలా? అంచులూ గుండీలూ మా ఆవిడ ఎప్పుడో కుట్టేసింది. నీ నడుమే నెలకో కొలతకి వస్తుంటే నన్నేం చెయ్యమంటావు?"

"ఇద్దరూ ఆపండి," అంది ఆఫీసరమ్మ. "ఆ రోజు మీ ఇంట్లో ఏం జరిగింది?"

దర్జీ బల్ల మీదికి వంగాడు. "నా కూతురు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. నేను ససేమిరా అన్నవాణ్ణే చేసుకుంది. నేను ఇంట్లో ఉంటే గుమ్మానికి అడ్డంగా పడుకుందును. అందుకే ఆ వెధవ నన్ను ఎత్తుకుపోయాడు."

"అతనే అని ఎలా చెప్పగలరు? మొహం చూశారా?"

"గంతలు కట్టారుగా. గొంతులూ ఎరిగినవి కావు. కానీ నాకు కంటి ఆపరేషనై అప్పటికి నెల తిరగలేదు. వాళ్ళు పూటపూటకీ గది చీకటి చేసి, గంత పైకెత్తి, కళ్ళల్లో చుక్కల మందు వేశారు. 'నలపకు పెద్దాయనా' అని చెప్పి మరీ వేశారు. నా కంటి సంగతి పైవాళ్ళకెలా తెలుస్తుంది? నా కూతురు మొగుడికి చెప్పింది, మొగుడు వాళ్ళకి చెప్పాడు."

కానిస్టేబుల్ పొట్ట పట్టుకున్నాడు. "విన్నారా మేడమ్? చుక్కలు వేసే కిడ్నాపర్లు! నన్నూ ఎత్తుకుపోతే బాగుణ్ణు. మా ఇంట్లో మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు."

దర్జీకీ ఇన్నాళ్ళుగా అర్థం కానిది అదే. వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు. ఉక్కగా ఉందంటే ఫ్యాను తిప్పారు. దిండు ఎత్తుగా ఉందంటే మార్చారు. సాయంత్రం మలుపులోనే దించి, చెప్పులు కాళ్ళకి తొడిగారు. తలుచుకున్నప్పుడల్లా బుర్ర తిరిగిపోతుంది. పగవాడికి ఇన్ని మర్యాదలేమిటి? అయినా, మర్యాదగా వేస్తే మాత్రం తాళం తాళం కాకుండా పోతుందా?

"ఇక వదిలేద్దామండీ," అంది భార్య మెల్లగా. "పిల్ల కాపురం..."

"నువ్వు ఊరుకో. నీకెప్పుడూ కూతురి గొడవే. నా కళ్ళకి గంతలు కట్టినవాడు జైలు కూడు తినాల్సిందే."

ఆఫీసరమ్మ కుర్చీ ముందుకి జరిపింది. "ఆయన చెబుతున్నది నిజమేనమ్మా. నేను నమ్ముతున్నాను. మీ వీధిలో విచారించాను. వ్యానులోకి లాగడం చూసిన మనిషి దొరికాడు. సాయంత్రానికల్లా మీ అల్లుడు ఇక్కడుంటాడు. వాడితో చేతులు కలిపినవాళ్ళెవరో వాడే కక్కుతాడు."

కానిస్టేబుల్ నవ్వు ఆగిపోయింది. భార్య చేతిలో సంచి జారి కిందపడింది. దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కరు నమ్మారు. ఇన్నాళ్ళకి ఒక్కరు.

"ఇదొక్కటి చూసి చెప్పండి," అంటూ ఆమె బీరువాలోంచి కవరు తీసింది. "ఆ రోజు మీరిచ్చిన గుడ్డ ఇదేనా?"

ఆ రోజు అతను గంతలు పీకి, ఇంటికైనా వెళ్ళకుండా, ఆ కోపంలోనే వచ్చి ఈ బల్ల మీద విసిరికొట్టాడు. అప్పుడు కళ్ళకి అంతా మసక. తేరిపార చూడడం ఇదే మొదలు.

నల్ల గుడ్డ. కళ్ళ మీదికి వచ్చేచోట, లోపలివైపు, మెత్తటి తెల్ల గుడ్డతో లైనింగ్. చుట్టూ అంచు మడిచి సన్నటి చేతికుట్టు. దర్జీ బొటనవేలు ఆ కుట్టు వెంట నడిచి నడిచి, చివర ముడి దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఇదేనా?"

దర్జీ గుడ్డని మడిచాడు. మళ్ళీ మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు.

"నన్నెవరూ ఎత్తుకుపోలేదు మేడమ్."

"ఏమిటీ?"

"కానిస్టేబుల్ గారు చెప్పిందే నిజం. బట్టలివ్వలేక దాక్కున్నాను."

"ఇప్పుడే కదయ్యా నమ్ముతున్నానన్నాను!"

"నమ్మకండి."

"మరి వ్యాను చూసిన మనిషి?"

"వాడికి చూపానదు."

ఆఫీసరమ్మ బల్ల మీద చరిచింది. "మా టైము పాడుచేసినందుకు నిన్ను లోపల వెయ్యాలి!"

"వెయ్యండి."

ఆమె పొమ్మన్నట్టు చెయ్యి విసిరింది. కానిస్టేబుల్ తన మాటే నెగ్గినా నవ్వలేకపోయాడు.

దర్జీ ముందు, భార్య వెనక. వీధి మలుపు దాకా నడిచారు. వ్యాను ఆగిన చోటికి వచ్చాక ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఎందుకలా చెప్పారండీ?"

అతను జేబులోంచి గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మొగుడి కళ్ళకి కట్టించే గంతలకి కూడా అంచు కుట్టకుండా ఉండలేకపోయావు కదే! ఇక ఈ ఊసు చచ్చేదాకా నేనెత్తను. నువ్వూ ఎత్తకు."