వంపులవాడు

పలకలు వంచే వేడితీగ బిగించిన చెక్కపెట్టెను బావమరిది పాత దుప్పటిలో చుడుతుంటే, అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రిపేరుకా?"

"కాదు బావా. వెళ్ళిపోతున్నాను." బావమరిది తలెత్తలేదు. "రోడ్డు చివర కొత్త షోరూములో ఉద్యోగం ఇస్తామన్నారు. ఉండటానికి గది కూడా ఇస్తారట. రేపే చేరమన్నారు."



ఇంటి ముందుగదే వాళ్ళ పనిశాల. కంప్యూటర్లకు యాక్రిలిక్ పలకలతో అద్దంలాంటి క్యాబినెట్లు చేసిస్తారు. లోపలి ఫ్యాన్లు, రంగు దీపాలు, నీళ్ళ గొట్టాలు అన్నీ బయటికి కనబడి తీరాలనే కుర్రకారే వాళ్ళ గిరాకీ. మొదట్లో బోర్డు మీద 'ఇక్కడ కేసులు చేయబడును' అని రాయించారు. ఒకాయన కోర్టు కాగితాలతో వచ్చి, పక్కింటివాడితో గోడ తగాదా అంతా పూసగుచ్చినట్టు చెప్పుకున్నాక ఆ బోర్డు మార్చారు.

రంధ్రాలు, మరలు అతని పని. పలక కింద చెక్క పెట్టి డ్రిల్లును నెమ్మదిగా దించుతాడు. తొందరపడితే అవతలివైపు పెచ్చు లేస్తుంది. రంధ్రంలో సబ్బునీళ్ళ చుక్క వేసి, ట్యాప్ అనే పనిముట్టును ఒక చుట్టు ముందుకీ అర చుట్టు వెనక్కీ తిప్పుతూ మర కోస్తాడు. అతను కోసిన మరలో స్క్రూ వేళ్ళతో తిప్పినా బిగుసుకుంటుంది.

వంపులు బావమరిది పని. కాలుతున్న తీగ మీద పలకను పట్టుకుని, అది మెత్తబడే క్షణం కోసం చూస్తాడు. కాస్త ముందైతే విరుగుతుంది. కాస్త ఆలస్యమైతే లోపల బుడగలు లేస్తాయి. బావమరిది వంచిన మూల, పలక పుట్టడమే అలా పుట్టిందేమో అన్నట్టుంటుంది.

"ఈ పని నేర్పింది ఎవర్రా నీకు?" అన్నాడు అతను.

"నువ్వే బావా."

"చదువయ్యాక పనీపాటా లేకుండా తిరుగుతుంటే చేరదీసింది ఎవరు?"

"నువ్వూ, అక్కా."

"మరి ఇదేంటి?"

దుప్పటికి ముడి వేస్తున్న చేతులు ఆగాయి. "నాకు మాత్రం బాధ లేదా? ఈ మధ్య ఆర్డర్లెక్కడున్నాయి బావా? ఇద్దరం బల్లకి చెరోవైపు కూచుని ఈగలు తోలుకుంటున్నాం. ఒకళ్ళు తప్పుకుంటే ఉన్న పనైనా రెండోవాళ్ళకి మిగులుతుంది." ఒక్క క్షణం తటపటాయించాడు. "నిన్ను కూడా తీసుకోమని అడిగాను. రంధ్రాలకీ మరలకీ మెషిన్ ఉందన్నారు."

అతని ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"నాకు నీ సిఫారసా? నా పరువు తీసుకెళ్ళి వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టావా? నడువు."

బావమరిది భుజాన బట్టల సంచి వేసుకుని, పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. బయట అక్క కోసం కాసేపు నిలబడ్డాడు. ఆమె కూరగాయలకు వెళ్ళింది.

ఆమె తిరిగొచ్చేసరికి ముందుగదిలో భర్త ఒక్కడే ఉన్నాడు. సగంలో ఉన్న క్యాబినెట్ ముందు స్టవ్ మీద ఇనుప బద్ద కాల్చి, దాని మీద పలక పెట్టి వంచుతున్నాడు. ఫట్‌మని విరిగింది. ఇంకో పలక తీశాడు. అదీ విరిగింది. అతను ఆ ముక్కల మధ్య నేల మీద చతికిలపడ్డాడు.

"నీ తమ్ముడు షోరూముకి వెళ్ళిపోయాడు," అన్నాడు. "సొంత కొడుకులా చూసుకున్నాను వాణ్ణి. గుండెల మీద తన్నిపోయాడు."

భర్త కళ్ళలో నీళ్ళు ఆమె అంతకుముందెప్పుడూ చూడలేదు. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. సంచి కింద పడేసి ఫోన్ తీసింది. అతనికీ వినబడాలని స్పీకర్ పెట్టింది.

"నిజం చెప్పరా. ఆ షోరూము వాళ్ళకి నువ్వెలా తెలుసు?"

"తెలీదక్కా. వాళ్ళే ఫోన్ చేశారు. నీ వంపు చూశాం, పనిలోకి రా అన్నారు."

"ఎవరో వచ్చి నీ నంబరు వాళ్ళ చేతిలో పెట్టి పోయారా? నువ్వే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఉంటావు."

"నేను వెళ్ళలేదక్కా. నీమీద ఒట్టు."

"నా మీద ఒట్టేయకు. ఇక్కడ మీ బావ నేల మీద కూలబడిపోయాడు. ఆయన్ని ఇలా చూడాల్సి వస్తుందని నేననుకోలేదు." ఆమె ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "ఇక ఈ గడప తొక్కకు. నాకు తమ్ముడు లేడనుకుంటాను."



"అలాగేలే అక్కా," అని వినబడింది. ఫోన్ కట్టయింది.

ఆమె అతని పక్కనే కూర్చుని, విరిగిన ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంది. ఒక ముక్క వేలికి గుచ్చుకుంది. చూసుకోలేదు.

"నా తోడబుట్టినవాడే మీకింత ద్రోహం చేశాడు. మీ ముందు తలెత్తుకోలేకపోతున్నానండీ."

అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో. నువ్వేం చేస్తావు," అన్నాడు.

కిందటి వారం ఎవరికీ తెలియకుండా తనే ఆ షోరూముకు ఉద్యోగం అడగడానికి వెళ్ళాడనీ, నమూనాకు పట్టుకెళ్ళిన ముక్కను వంచిందెవరని వాళ్ళు అడిగితే బావమరిది ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాడనీ మాత్రం ఆమెకు చెప్పలేదు.