టీచరమ్మ మొక్కు

"ఈడ సంతకం చెయ్యిరా. జూన్‌లో లెక్కల పరీక్ష."

రిటైరైన మనోరమ టీచర్ ఒక కాగితమూ, పదో తరగతి గైడూ చాపింది. తళి ఊళ్లో గులాబీలు పెంచే ముత్యాలప్ప చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నాకు నలభై ఆరేండ్లు టీచరమ్మా! నా కూతురే ఇంజనీరింగ్ చదవతా ఉంది."

"నా క్లాసంతా పాసైతే తిరుపతి కొండ నడిచి ఎక్కుతానని నువ్వు పది రాసిన ఏడు మొక్కినాను. నువ్వొక్కడివి లెక్కల్లో తప్పినావు. మొక్కు తీరకుండా ఏం ముఖం పెట్టుకొని పోయేది? మనవడి పుట్టెంట్రుకలకు కూడా నేను కొండకు పోలేదు."

"నా కూతురికి లెక్కల్లో నూటికి నూరు. ఆమెను నా బదులు అనుకోండి."

"దేవుడి దగ్గర కూడా కాపీ కొడతావా?"

టీచర్ సంచిలో పెన్ను వెతుకుతుంటే, ఆమెను స్కూటర్ మీద తెచ్చిన కోడలు నమిత ముత్యాలప్ప చెవిలో గొణిగింది.

"అన్నా, దండం పెడతాను, ఫెయిలైపో. అత్తకు మోకాళ్లు అరిగిపోయినాయి. మెట్లు ఎక్కకూడదని డాక్టరు చెప్పినాడు."

"ముప్పై ఏండ్లుగా వాడికి తెలిసిందే ఆ పని. నువ్వు వేరే నేర్పించాలా?" అంది టీచర్ తలెత్తకుండానే.

ముత్యాలప్ప నవ్వలేదు. "నన్ను వదిలేసి పోయుండొచ్చు కదా టీచరమ్మా? మిగతా ముప్పై తొమ్మిది మందీ పాసే కదా."

"క్లాసంతా అని మొక్కినాను. నిన్ను వదిలేస్తే అది క్లాసెట్లవుతుంది?"

ఇన్నేళ్లూ తాను తప్పిన ఆ బడి ముందు తల వంచుకుని తిరిగిన ముత్యాలప్ప ఆ మాటకు తలెత్తి టీచరమ్మను చూశాడు. కత్తెర కింద పెట్టి, సంతకం చేసి, గైడు తెరిచాడు.

"మొదటి లెక్కే అర్థం కాలేదు టీచరమ్మా."

అంతవరకూ దిగులుగా నిలబడిన నమిత ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది.