నాలికే తూకం

పూతరేకు చుట్టే ముందు, పంచదార సరిపోయిందో లేదో చిన్న ముక్క నాలిక మీద వేసుకుని చూడటం వీరవేణికి అత్తగారి దగ్గర అబ్బిన అలవాటు. గుండెజబ్బులూ షుగరూ తగ్గాలని ప్రభుత్వం రాష్ట్రమంతా కుళాయి నీళ్లలో, నోటికి తీపి తెలియనివ్వని పొడపత్రి ఆకు సారం కలుపుతోంది. ఏడాదిగా ఆ నీళ్లు తాగే జనం నోటికి పంచదార ఇసకలా తగులుతోంది.

ఆవేళ ఆమె దుకాణానికి తనిఖీకి వచ్చిన నీళ్ల ఆఫీసరు ఓ పూతరేకు కొరికి మొహం చిట్లించాడు.

"అబ్బ, మొహం మొత్తే తీపి! ఈ ఊళ్లోనే షుగర్లు ఎందుకు పెరిగాయో ఇప్పుడర్థమైంది. జనాన్ని చంపేస్తారా అమ్మా?"

వీరవేణికి ఒళ్లు మండిపోయింది.

"నేనా అండీ చంపేది? ముప్పయ్యేళ్లుగా ఈ నాలికే నా తూకం. అది చాలంటే నా చెయ్యి ఆగేది. ఆ నాలికని మీరు చంపేశారు. ఇంకా చాల్లేదేమో అని గుమ్మరిస్తున్నాను. చెయ్యి ఎక్కడ ఆపాలో మీ కుళాయి చెప్తుందా?"

అంతలోనే ఆమెకి ఏదో తట్టింది.

"అవునూ, మీకు తీపెలా తెలిసిందండీ?"

ఆఫీసరు తన సంచిలోంచి కనిపిస్తున్న కంపెనీ నీళ్ల సీసాని లోపలికి తోశాడు. వీరవేణి చూడనే చూసింది. కుళాయి కింద చెంబు నింపి తెచ్చి అతని ముందు ఠంగుమని పెట్టింది.

"తాగండి. తాగి, ఆ మిగతా సగం తినండి. తీపి ఎక్కువైందో తక్కువైందో అప్పుడు చెబుదురుగాని."